సీటు సుఖం షోరూంలో తెలియదు, జడ్చర్ల దాటాకే తెలుస్తుంది

దూరం పోవాలంటే క్రూజర్ రకం బైకే కొనాలన్న మాట మన దగ్గర బాగా పాతుకుపోయింది. సీటు కిందికి, కాళ్లు ముందుకి, హ్యాండిల్ వెడల్పుగా చేతికందేలా ఉంటుంది. షోరూంలో ఎక్కి కూర్చుంటే ఇంకేం కావాలి అనిపిస్తుంది. హైదరాబాద్ నుంచి కర్నూలు వైపు 44వ నంబరు జాతీయ రహదారి మీద షాద్‌నగర్ దాకా ఆ మాట నిజమే. జడ్చర్ల దాటాక నడుము పట్టేయడం మొదలవుతుంది. పాలమూరు, నల్లగొండ రోడ్లకూ, మనవాళ్లు బండి వాడే తీరుకూ క్రూజర్ కంటే నిటారుగా కూర్చోబెట్టే మామూలు బండే నయం. కాకపోతే కంపెనీ ఇచ్చింది ఇచ్చినట్టే వాడకుండా కొంచెం సవరించుకోవాలి.

బండి మీద మనిషి బరువు మోసేవి సీటు, ఫుట్‌రెస్ట్, హ్యాండిల్. పాదాలు సరిగ్గా నడుము కింద ఉంటే గుంత వచ్చినప్పుడు కాళ్ల మీద బరువు వేసి రెండంగుళాలు లేవొచ్చు. దెబ్బ మోకాళ్ల దగ్గరే ఆగిపోతుంది. క్రూజర్‌లో పాదాలు ముందుకు చాచి ఉంటాయి కాబట్టి లేవడం కుదరదు, అదురంతా తిన్నగా వెన్ను చివరి ఎముకకే. పైగా సీటు ఎత్తు క్రూజర్లైన బజాజ్ అవెంజర్ 220లో 737 మి.మీ., రాయల్ ఎన్‌ఫీల్డ్ మీటియోర్ 350లో 765 మి.మీ. సీటును అంత కిందికి దించాలంటే వెనక షాకప్‌లు ఆడే జాగా తగ్గించక తప్పదు. విజయవాడ హైవే మీద ఊరి కూడలి వచ్చినప్పుడల్లా వేగం తగ్గించడానికి వరుసగా వేసిన రంబుల్ పట్టీలు ఒక్కొక్కటీ లెక్కపెట్టుకోవచ్చు. హైవే దిగి దేవరకొండ వైపో, అచ్చంపేట వైపో తిరిగితే తెల్లరంగు చెరిగిపోయిన స్పీడ్ బ్రేకర్లు ఎదురుచూస్తూ ఉంటాయి.

అలాగని క్రూజర్‌ను తీసిపారేయలేం. పొట్టివాళ్లకు రెండు పాదాలూ నేలకు ఆనతాయి. నాలుగు లైన్ల రోడ్డు మీద 70లో ఒకే తీరుగా పోతుంటే హాయిగానే ఉంటుంది. ఆ హాయి గంటన్నర మించదు, అంతే.

స్పోర్ట్స్ బండ్ల గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. ముందుకు వంగి కూర్చున్నప్పుడు ఛాతీని ఎత్తి పట్టుకునేది ఎదురుగాలి. 80లో ఆ గాలి చాలదు, బరువు అరచేతుల మీద పడుతుంది. గొర్రెల మందో, ఆగిన ఆర్టీసీ బస్సో ఎదురై బ్రేక్ కొట్టిన ప్రతిసారీ మణికట్టుకు ఇంకో దెబ్బ. మన రోడ్ల మీద అలాంటి బ్రేకులు ఎన్ని పడతాయో అందరికీ తెలుసు.

అడ్వెంచర్ బండ్లు మాత్రం గట్టి పోటీ ఇస్తాయి. హిమాలయన్, ఎక్స్‌పల్స్ రెండింటికీ ముందు 21 అంగుళాల చక్రం. గుంత అంచును అది సులువుగా ఎక్కి దిగుతుంది. ఫుట్‌రెస్ట్‌ల మీద నిలబడి నడపడానికి వీలుగా కట్టిన బండ్లు కాబట్టి నడుముకు విశ్రాంతి దొరుకుతుంది. చిక్కల్లా ఎత్తుతోనే. ఎక్స్‌పల్స్ 200 4వీ సీటు 825 మి.మీ.; వెనక మనిషి, సామాను ఉండగా వాలు మీద ఆపితే ఐదున్నర అడుగుల మనిషికి కాలు అందదు. ఇంకోటి, ఆషాఢం గాలులు. దక్షిణానికి పోయే 44వ నంబరు రోడ్డు మీద పడమటి గాలి కుడిపక్క నుంచి కొడుతుంది. కొత్తకోట, పెబ్బేరు దగ్గర కుడిపక్క నుంచి లారీ మనల్ని దాటిపోగానే, అది అడ్డుకున్న గాలి ఒక్కసారిగా తగిలి బండి పక్కకు జరుగుతుంది. ఎత్తైన బండికి రెండుపక్కలా పెట్టెలు కూడా కట్టి ఉంటే ఆ తోపు మరీ ఎక్కువ. హ్యాండిల్‌ను బిగపట్టకుండా మోకాళ్లతో ట్యాంకును అదిమి పట్టుకోవాలి. బిగపట్టిన భుజాలు కర్నూలు చేరేలోపే నొప్పెడతాయి.

ఇక నిటారు బండ్లు. స్ప్లెండర్ మీద శ్రీశైలం పోయొచ్చేవాళ్లకు కొదవలేదు, వాళ్లను చూసి నవ్వాల్సిన పనీ లేదు. కూర్చునే తీరు దానిలో సరిగ్గానే ఉంది. ఇబ్బంది ఇంజిన్‌తో. 97.2 సీసీ, నాలుగు గేర్లు. 70 దాటితే అదురు చేతుల్లోకి, పాదాల్లోకి పాకి తిమ్మిర్లెక్కుతాయి. 55, 60 మధ్య ఉంచితే ఆ బాధ లేదు. ఇలాగే నిటారుగా కూర్చోబెట్టే 150 నుంచి 350 సీసీ రోడ్‌స్టర్ బండ్లకు 80 దాకా ఈ సమస్య రాదు. 80 నుంచి 100కు పెంచితే మాత్రం ఛాతీ మీద గాలి ఒత్తిడి ఒకటిన్నర రెట్లు దాటుతుంది. మిగిలే సమయం కంటే పోయే ఓపికే ఎక్కువ.

సవరణల్లో మొదటిది సీటు. మెత్తటి సీటు మంచిదనుకోవడమే అసలు పొరపాటు. మెత్తటి ఫోమ్ గంటలోపు అణిగిపోతుంది, ఆ తర్వాత కూర్చునేది అడుగునున్న ప్లాస్టిక్ రేకు మీదే. నల్లగొండలోనో మహబూబ్‌నగర్‌లోనో సీట్లు కుట్టే దుకాణంలో చెప్పి చేయించుకోవాల్సింది ఇది: కింద అంగుళం మందాన గట్టి ఫోమ్, దాని పైన అరంగుళం మెత్తటిది. కుట్టు గీత సరిగ్గా పిరుదుల ఎముకల కిందికి రాకూడదు. సీటు ముందుకు వాలి ఉంటే ఆ వాలు తీసేయించాలి, లేకపోతే బ్రేక్ వేసినప్పుడల్లా ట్యాంకు మీదికి జారి, మళ్లీ వెనక్కి జరుగుతూ తొడలు ఒరుసుకుపోతాయి. నున్నటి రెక్సిన్ వద్దు. జెల్ ప్యాడ్ కొనేవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి, మే నెలలో బండిని ఎండలో అరగంట ఆపితే ఆ జెల్ వేడెక్కి చాలాసేపు చల్లారదు. గాలి ఆడే జాలీ కవర్ మన ఎండలకు మేలు.

రెండోది వెనక షాకప్. రెండు షాకప్‌ల బండ్లలో స్ప్రింగ్ దగ్గర మెట్లుమెట్లుగా ఒక రింగు ఉంటుంది, చాలా బండ్లలో ఐదు మెట్లు. బండి కొన్న రోజు ఏ మెట్టు మీద ఉందో అమ్మే రోజూ అక్కడే ఉంటుంది. ఒక్కరే పోతే మొదటి రెండు మెట్లు చాలు. వెనక మనిషి, పది కిలోల సంచి ఉంటే నాలుగో మెట్టుకో ఐదో మెట్టుకో కొక్కెం పానాతో తిప్పాలి, రెండు వైపులా ఒకే మెట్టు. తిప్పకపోతే తోక కిందికి దిగుతుంది, హెడ్‌లైట్ ఎదుటివాళ్ల కళ్లలో పడుతుంది, గుంతలో షాకప్ అడుగు తగిలి టక్కుమంటుంది. టైరు గాలి సంగతీ అంతే. పంక్చర్ షాపులో గట్టిగా కొట్టించుకుంటే మైలేజీ వస్తుందని 40 దాకా ఎక్కించేవాళ్లున్నారు, అప్పుడు ప్రతి గులకరాయీ నడుముకు తెలుస్తుంది. బండి మీద స్టిక్కర్‌లో ఒక్కరికి ఎంతో, ఇద్దరికి ఎంతో రాసే ఉంటుంది. పొద్దున బండి కదలకముందు, టైరు చల్లగా ఉన్నప్పుడే చూడాలి.

హ్యాండిల్ ఎత్తు పెంచే రైజర్లు 20, 30 మి.మీ.వి దొరుకుతాయి. బిగించాక ఇంజిన్ ఆన్‌లో ఉంచి హ్యాండిల్‌ను రెండు వైపులా పూర్తిగా తిప్పి చూడాలి. ఇంజిన్ శబ్దం పెరిగితే యాక్సిలరేటర్ కేబుల్ లాగుకుంటున్నట్టు. అలా వదిలేస్తే యూటర్న్‌లో బండి ఎగదోస్తుంది. ముందు బ్రేకు పైపు కూడా బిగుసుకోకూడదు. రైజర్ కంటే ముందు ఖర్చులేని పని ఒకటుంది: క్లచ్, బ్రేక్ లివర్ల బోల్టులు వదులు చేసి, మోచేయి నుంచి వేళ్ల దాకా ఒకే గీతలో వచ్చేలా కిందికి తిప్పుకోవడం. సగం మణికట్టు నొప్పులు దీంతోనే పోతాయి.

దూర ప్రయాణపు బండ్ల గురించి రాసేవాళ్లు వెనక కూర్చునే మనిషిని పట్టించుకోరు. మన దగ్గర ఆ సీట్లో చీర కట్టుకుని ఒకపక్కకు కూర్చునే భార్యో తల్లో ఉంటుంది. బరువు ఎడమవైపు పడటంతో నడిపేవాళ్లు తెలియకుండానే కుడికి ఒరుగుతారు, గంటలో నడుము ఒకవైపే నొప్పెడుతుంది. వీలైతే రెండువైపులా కాళ్లు వేసి కూర్చోవడమే మేలు. కుదరకపోతే నలభై కిలోమీటర్లకోసారి దిగాల్సిందే. చీర చక్రంలో పడకుండా ఉండే గార్డు, పట్టుకునే హ్యాండిల్, ఫుట్‌రెస్ట్ ఉండాలని 1989 కేంద్ర మోటారు వాహనాల నిబంధనలే చెబుతున్నాయి. అందం కోసం గార్డు పీకేసిన బండి మీద తల్లిని ఎక్కించుకోవడం మూర్ఖత్వం. అడ్వెంచర్ బండికి పక్కపెట్టెలు కట్టాక ఒకపక్కకు కూర్చునే జాగాయే ఉండదు.

ఎండ సంగతి వేరే. గాలి వేడి ఒంటి వేడిని మించిన రోజున ఎదురుగాలి దానంతటదే చల్లబరచదు, చెమట ఆరితేనే చల్లదనం. చేతులు కప్పే వదులు నూలు చొక్కాను తడిపి, పైన జాలీ జాకెట్ వేసుకోవాలి. రేడియేటర్ ఉండి, ఫెయిరింగ్ అనే ప్లాస్టిక్ తొడుగు కప్పిన బండ్ల మీద రేడియేటర్ వేడిగాలి తొడలకు కొడుతుంది, మిర్యాలగూడ మే నెలలో అది భరించడం కష్టం.

కొనేముందు షోరూం చుట్టూ రెండు కిలోమీటర్లు తిప్పి చూస్తే ఏమీ తెలియదు. అదే మోడల్ తెలిసినవాళ్ల దగ్గర అడిగి తీసుకుని, వెనక కూర్చునే మనిషిని ఎక్కించుకుని నార్కట్‌పల్లి నుంచి మిర్యాలగూడ దాకా ఆగకుండా పోయి రావాలి. దిగాక నొప్పి ఎక్కడుందో చూసుకోవాలి. మణికట్టులోనో పిరుదుల్లోనో ఉంటే పానాతోనో ఫోమ్‌తోనో సరిచేయవచ్చు. వెన్ను చివర ఉంటే ఆ బండి తిరిగిచ్చేసి వేరే రకం చూసుకోవడమే.