కాపర్లు పారేయడానికి చేతులు రానివారికి చాపెల్ ఎందుకు?

మా కర్నూలు ఆటల బృందంలో ‘డొమినియన్’ అనే కార్డుల ఆట పెట్టె తెరిస్తే ఒకే గొడవ. బల్ల మీద పరిచిన పది రకాల కార్డుల్లో, అక్కర్లేని ముక్కలు పారేయనిచ్చే చాపెల్ కనబడగానే అందరూ ఎగబడి కొంటారు. కొన్నాక ఏం చేస్తారు? ఒక్కసారి ఆడి, నాణెం ఇవ్వని రెండు ఎస్టేట్లు చెత్తలో వేస్తారు. పక్కనే ఉన్న, ఒక్కో నాణెం విలువ చేసే రెండు కాపర్లను మాత్రం భద్రంగా దాచుకుంటారు. అదేమిటయ్యా అని అడిగితే, “అది డబ్బు కదన్నా, డబ్బును ఎవరైనా చెత్తలో వేస్తారా?” అని ఎదురు ప్రశ్న. ఆ తర్వాత పది వంతులు గడిచినా వాళ్ల చేతిలో అవే కాపర్లు, మధ్యలో ఏ పనీ లేని చాపెల్. చివరికి “ఈ కార్డు గురించి ఊరికే గొప్పలు చెబుతారు” అని తీర్పు. ఈ తీర్పు వినీ వినీ విసుగొచ్చి ఇది రాస్తున్నాను.

ఆట తెలియనివారికి రెండు మాటలు. డొనాల్డ్ ఎక్స్. వక్కరినో తయారుచేసిన ఈ ఆట 2008లో వచ్చింది. మరుసటి ఏడాదే జర్మనీలో ఏటా ఇచ్చే ‘ష్పీల్ డెస్ యారెస్’ బహుమతి గెలుచుకుంది. ప్రతివారి సొంత కట్టలో మొదట 7 కాపర్లు, 3 ఎస్టేట్లు ఉంటాయి. వంతుకు ఐదు ముక్కలు తీసుకుని, ఒక యాక్షన్ కార్డు ఆడి, ఒక కార్డు కొనుక్కోవచ్చు. వాడినవీ, కొత్తగా కొన్నవీ పక్కన కుప్పలో పడతాయి. కట్ట అయిపోగానే ఆ కుప్పను కలిపి మళ్లీ కట్టగా పెట్టుకోవాలి. 8 నాణేలు పెట్టి 6 పాయింట్ల ప్రావిన్సులు కొనడమే అసలు లక్ష్యం. ప్రావిన్సుల కుప్ప ఖాళీ అయినా, ఏవైనా మూడు కుప్పలు ఖాళీ అయినా ఆట ముగుస్తుంది.

చాపెల్ యాక్షన్ కార్డు, ధర 2 నాణేలు. దాని పని ఒక్కటే, చేతిలోని ముక్కల్లో నాలుగింటి వరకు శాశ్వతంగా చెత్తలో వేయనివ్వడం. నాణెం ఇవ్వదు, కొత్త ముక్క ఇవ్వదు, ఎదుటివారిని ఏమీ చేయదు. చూడటానికి ఇంత పేలవమైన కార్డు పెట్టెలో మరొకటి లేదు.

మనవాళ్ల తటపటాయింపుకు మూలం రమ్మీ అని నా అనుమానం. మన వైపు పేకాట అంటే పదమూడు ముక్కల రమ్మీయే. అందులో జత కుదరని రాజునీ రాణినీ ముందే దించేయాలని, లేకపోతే కౌంటు మీద పడుతుందని పిల్లలకు కూడా తెలుసు. అయితే రమ్మీలో ఒకటి తీసుకుంటేనే ఒకటి దించుతాం, చేతిలో ఎప్పుడూ పదమూడే. దించిన ముక్క పీడ అంతటితో వదిలిపోతుంది. డొమినియన్‌లో అలా కాదు. వంతు చివర పక్కన పెట్టిన కాపర్ కట్ట కలిపాక మళ్లీ మన చేతికే వస్తుంది, ఆట ముగిసేదాకా వస్తూనే ఉంటుంది. దాన్ని నిజంగా వదిలించుకునే దారి చెత్తకుప్ప ఒక్కటే. రమ్మీలో రాజును నిమిషం ఆలోచించకుండా విసిరే మనిషి ఇక్కడ ఒక్క నాణెం విలువ చేసే రాగి ముక్క కోసం ఎందుకు విలవిల్లాడతాడో నాకు అర్థం కాదు.

లెక్క వేసి చూద్దాం. మొదటి 10 ముక్కల్లో ఉన్నవి 7 నాణేలు. అంటే ఐదు ముక్కల చేతికి సగటున మూడున్నర. ప్రావిన్సుకు 8 కావాలి కాబట్టి ముక్కకు సగటున 1.6 నాణేలు ఉండాలి. ఏమీ పారేయకుండా, ఒక్కోటి 3 నాణేలిచ్చే గోల్డులు మాత్రమే కొంటూ పోతే ఆ సగటు అందుకోవడానికి 7 గోల్డులు కావాలి. ఒక్కో గోల్డు ధర 6 నాణేలు. చాపెల్ కొని మూడు ఎస్టేట్లు మాత్రం పారేసి ఆగిపోయినవారికి 5 గోల్డులు కావాలి. ఎస్టేట్లతో పాటు ఐదు కాపర్లు కూడా పారేసినవారికి? రెండే రెండు గోల్డులు చాలు. రెండు కాపర్లు, రెండు గోల్డులు, ఒక చాపెల్, మొత్తం ఐదు ముక్కలు, సరిగ్గా 8 నాణేలు. కట్టంతా ఒకేసారి చేతిలోకి వస్తుంది కాబట్టి ఇక్కడ సగటుతో పని లేదు, అదృష్టంతో అసలే లేదు. నిజం ఆటలో గోల్డు దాకా చేరడానికి మధ్యలో సిల్వర్ (3 నాణేలకు దొరికి 2 నాణేలిచ్చే ముక్క) ఒకటో రెండో పడాల్సిందే. అయినా 7కూ 2కూ మధ్య ఉన్న దూరం చూడండి. ఆ దూరంలో ఎక్కువ భాగం కాపర్లు పారేయడం వల్ల వచ్చింది, ఎస్టేట్ల వల్ల కాదు.

ఇక మొదటి రెండు వంతులు. పది ముక్కలూ రెండు చేతులుగా పడతాయి కాబట్టి 4, 3 నాణేలు రావాలి, లేదా 5, 2 రావాలి. వరుస అటూ ఇటూ కావచ్చు, అంతే. 5, 2 పడే అవకాశం ఆరింట ఒకటి. 4, 3 పడినప్పుడు మా బృందంలో ఒక వింత బాధ మొదలవుతుంది. 3 నాణేలతో 2 నాణేల చాపెల్ కొంటే ఒక నాణెం వృథా అవుతుందట! ఆ నాణెం వృథా కాకూడదని సిల్వర్ కొని, చాపెల్‌ను తర్వాతెప్పుడో కొంటారు. చాపెల్‌కు విలువ ఉండేదే ఆట మొదట్లో. పన్నెండు ముక్కల కట్టలో అది మూడో వంతుకో నాలుగో వంతుకో చేతికి వచ్చే అవకాశం ఆరింట ఐదు. ఆలస్యం చేస్తే చెత్త కట్టతో ఒక చుట్టు ఊరికే తిరగాలి. ఒక నాణెం పోతే పోనివ్వండి. మరో వంతులో సిల్వర్ కొనండి. 5, 2 పడిందా, రెండుకు చాపెల్, ఐదుకు లేబొరేటరీయో (అదనపు ముక్కలు తెచ్చేది), బల్ల మీద ఉంటే విచ్చో (ఎదుటివారికి కర్స్ అనే చెడ్డ ముక్క అంటగట్టేది) కొనండి. అలాంటి మొదలు ఎదుటివారికి పడితే నాకు ఆడాలన్న ఉత్సాహమే సగం చచ్చిపోతుంది.

తర్వాతది అసలు పరీక్ష. చాపెల్ వచ్చింది, పక్కన మూడు కాపర్లు, ఒక ఎస్టేటు ఉన్నాయి. మూడు కాపర్లతో సిల్వర్ కొనవచ్చు, లేదా నాలుగూ పారేసి ఆ వంతులో ఏమీ కొనకుండా కూర్చోవచ్చు. నేనైతే నాలుగూ పారేస్తాను. కట్టలో ఇంకా నాలుగు కాపర్లు, ఒక సిల్వర్ ఉంటాయి. అంటే 6 నాణేలు, ఒక గోల్డు ధర. అదే చేతిలో చాపెల్, సిల్వర్, కాపర్, రెండు ఎస్టేట్లు ఉంటే మాట వేరు. ఎస్టేట్లు రెండూ పారేసి, మిగిలిన 3 నాణేలతో ఇంకో సిల్వర్ కొనడమే మేలు. పారేయడానికి హద్దు లేదని కాదు. కట్టలో మిగిలిన నాణేలన్నీ కలిపినా సిల్వర్ కూడా రాని స్థితికి చేరితే ఆట అక్కడే ఆగిపోతుంది. ఆవేశంలో అలా చేసుకున్న వాళ్లనూ చూశాను, కానీ చాలా అరుదు. మన జబ్బు అటువైపుది కాదు.

రెండో చాపెల్ కొనకండి. దండగ. మొదటిది బల్ల మీద ఉండగా అది తనను తాను పారేసుకోలేదు కదా, దాన్ని వదిలించుకోవడానికి రెండోది కావాలి, ఆ రెండోది కట్టలోనే ఉండిపోతుంది. వంతుకు ఒకటే యాక్షన్ కాబట్టి, తొలి వంతుల్లోనే చాపెల్‌తో పాటు స్మిదీ (ముక్కలు తెచ్చే మరో యాక్షన్ కార్డు) కొంటే రెండూ ఒకే చేతిలో పడి ఒకటి చూస్తూ కూర్చునే ప్రమాదం ఉంది. కట్ట పలచబడ్డాక అదనపు యాక్షన్లు ఇచ్చే విలేజ్, స్మిదీ, లేబొరేటరీ, మార్కెట్ లాంటివి చేర్చండి, అప్పుడు వాటి పని చూడండి. చిన్న కట్టలో మంచి కార్డు దాదాపు ప్రతి వంతులోనూ చేతికొస్తుంది. ప్రావిన్సుల వేట మొదలుపెట్టడానికి కూడా తొందర వద్దు. మొదటి ప్రావిన్స్ కొనగానే ఐదు ముక్కల కట్ట ఆరవుతుంది, ఆ ఆరో ముక్క పాయింట్లే తప్ప నాణేలు ఇవ్వదు. అందుకే ముందు ఇంకో గోల్డు వేసుకుని వేట మొదలుపెట్టాలి.

ఎదుటివారు విచ్ ఆడుతుంటే చాపెల్‌కు రెండో జన్మ. ఒక్కో కర్స్ ఒక పాయింటు తగ్గిస్తుంది, పైగా కట్టలో చోటు ఆక్రమిస్తుంది. పలచటి కట్టలో చాపెల్ త్వరత్వరగా వస్తుంది కాబట్టి వచ్చిన కర్సును వచ్చినట్టే వదిలించుకోవచ్చు. ఎదుటివారి మిలీషియా కార్డు మన చేతిని మూడు ముక్కలకు కోస్తే మాత్రం చాపెల్‌తో పాటు మిగిలేవి రెండే.

చాపెల్ కనబడితే కళ్లు మూసుకుని కొనమని నేను చెప్పడం లేదు. బల్ల మీద గార్డెన్స్, వర్క్‌షాప్ రెండూ ఉంటే ఆగి ఆలోచించండి. గార్డెన్స్ కట్టలోని ప్రతి పది ముక్కలకూ ఒక పాయింటు ఇస్తుంది. వర్క్‌షాప్ 4 నాణేల వరకు ధర ఉన్న కార్డును ఊరికే తెచ్చిపెడుతుంది. ఆ దారి పట్టినవారు కట్టను లావు చేసుకుంటూ, మూడు కుప్పలు ఖాళీ చేసి ఆట ముగించేస్తారు. వాళ్లు ముగించేలోపు మీ సన్నటి కట్ట ప్రావిన్సులు తేగలదా అన్నదే ప్రశ్న. తేలేదనిపిస్తే మీరూ గార్డెన్స్ వైపు వెళ్లండి, అప్పుడు కాపర్లు నిజంగానే దాచుకోవచ్చు. మా బృందంలోని కాపర్ భక్తులకు ఇంతకంటే మంచి రోజు రాదు, విచిత్రం ఏమిటంటే ఆ రోజు కూడా వాళ్లు చాపెలే కొంటారు.

(ఆట ఆడేచోట ఉగ్గాని, బజ్జీ పెట్టేవారికి ఒక విన్నపం. చేతులు కడుక్కున్నాకే ముక్కలు ముట్టండి. మే నెలలో ముక్కలు ఎగిరిపోతాయని కర్నూలు ఇంట్లో ఫ్యాను ఆపి కూర్చుంటున్నాం, నూనె మరకలు కూడా భరించలేం.)

ఇప్పుడు మా బృందంలో కొత్త ప్రతిపాదన ఒకటి వచ్చింది. చాపెల్ ఉంటే తెలిసినవాడే గెలుస్తున్నాడు కాబట్టి దాన్ని పెట్టెలోంచి తీసేద్దామట. 2016లో రెండో ముద్రణ వచ్చినప్పుడు పాత ఆటలోంచి ఆరు కార్డులు తొలగించారు. థీఫ్ పోయింది, అడ్వెంచరర్ పోయింది, వుడ్‌కట్టర్ కూడా పోయింది. చాపెల్ జోలికి ఎవరూ పోలేదు, ధర కూడా పెంచలేదు. అది అందరికీ రెండు నాణేలకే దొరుకుతుంది, కుప్పలో పది ఉంటాయి, ఎవరినీ కొనవద్దని ఎవరూ అనలేదు. తెలిసినవాడు గెలుస్తున్నాడన్నది ఫిర్యాదు ఎలా అవుతుంది? ఈ ఆదివారం ఓటింగ్ పెడతారట. పెట్టండి, నేను తీసేయొద్దనే ఓటు వేస్తాను.