పాఠం ఫోన్‌లో, ఫోన్ మొగుడి జేబులో

2020 మార్చిలో లాక్‌డౌన్ పడగానే అంగన్‌వాడీలు మూతపడ్డాయి. గుడ్లు, పాలు, పప్పు ఇళ్లకే పంపారు. తిండి ఆగలేదు కదా, ఇంకేం టెన్షన్ అనుకున్నాం.

తెలంగాణ ప్రభుత్వ ఆరోగ్యలక్ష్మి పథకం కింద 2015 నుంచి గర్భిణులు, బాలింతలు కేంద్రంలోనే కూర్చుని తినేవారు: అన్నం, పప్పు, గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు. ఐరన్ మాత్ర కూడా టీచర్ ఎదుటే. గోడ మీది పోస్టర్ ఎవరు చూశారో తెలియదు గానీ, ఏం తినాలన్న పాఠమంతా ఆ పళ్లెంలోనే ఉండేది. అదే గుడ్డు ఇంటికొస్తే అందరిదీ అవుతుంది. కూలి ఆగిపోయిన ఇంట్లో, పిల్లలు చూస్తుండగా తానొక్కతే ఎలా తింటుంది?

పాఠాలేమో వాట్సాప్‌లోకి మారాయి. సికింద్రాబాద్‌లో మాకు దగ్గరి బస్తీలో టీచర్ గ్రూపు పెట్టి వీడియోలు పంపారు. చూశావా అంటే ఒకామె జవాబు: "ఫోన్ మా ఆయన దగ్గరుంటది టీచర్. రాత్రి తొమ్మిదికొస్తడు."

అక్కడి ఆయమ్మ మాత్రం వేరే దారి పట్టింది. పసిపిల్లలకిచ్చే పోషకాహార పొడి బాలామృతం, రెండున్నర కిలోల ప్యాకెట్ గుమ్మంలో పెట్టి, "ఓ గ్లాసు తే" అంది. దానిమీద గోళ్ల రంగుతో గీత గీసింది. "రోజూ గీత దాకా పొడి, బిడ్డకే. పెద్దోళ్లు ముట్టొద్దు." నిమిషం పట్టలేదు. ఆ ఏడాది నేను చూసిన పాఠాల్లో నాకు నచ్చింది అదొక్కటే.

చికెన్ తింటే కరోనా వస్తుందన్న పుకారు గుర్తుందా? ఫిబ్రవరి చివర్లో మంత్రులు హైదరాబాద్‌లో వేదికెక్కి చికెన్ తిని చూపించాల్సి వచ్చింది. నవ్వుకున్నాం గానీ, పద్ధతి సరైనదే. తిని చూపిస్తేనే జనం నమ్ముతారు.

తర్వాత ఇమ్యూనిటీ పిచ్చి మొదలైంది. తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థను పెట్టుకున్న ఈ ఊళ్లో, నా ఫోన్‌కి కషాయం మీద వచ్చినన్ని ఫార్వర్డ్‌లు గుడ్డు, పప్పు మీద రాలేదు. కొవిడ్‌కు ముందు, 2019లో చేసిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలోనే తెలంగాణలో ఐదేళ్లలోపు పిల్లల్లో 70 శాతం మందికి రక్తహీనత ఉందని తేలింది. మిరియాల కషాయంతో తీరే లోటా అది?

మళ్లీ ఎప్పుడైనా కేంద్రాలు మూతపడితే, వీడియోల ఖర్చు కాస్త తగ్గించి ఆయమ్మకు ఆటో చార్జీలివ్వండి. ఒక్కో గుమ్మం దగ్గర నాలుగు నిమిషాలు నిలబడే తీరిక ఇవ్వండి. సరుకు ఇచ్చి కోడలి సంతకం తీసుకున్నాక, వంటింట్లో గరిటె పట్టే అత్తను కూడా ఓసారి బయటికి పిలవమనండి.