దొరల గోరీలు, అల్లుడి దురద

భోగికి తలంటు, పండగకి అరిసెలు అయిపోయాక, కనుమ నాటికి ఒడిశాలో బరంపురం అత్తారింటికొచ్చిన అల్లుడికి తోచదు. గోపాల్‌పూర్ బీచి నిరుడే చూసేశాడు. కనుమనాడు కాకి కూడా కదలదని అత్తగారు అంటూనే ఉంటుంది. కాకి కదలదు గానీ అల్లుడు బావమరిదిని వెంటేసుకుని గంజాంలో దొరల గోరీలు చూడ్డానికి బయల్దేరతాడు.

మొదటి తిప్పలు బస్సులోనే. 'రెండు గంజాం' అంటే కండక్టరు ఎగాదిగా చూస్తాడు. గంజాం అంటే జిల్లా పేరు, కలెక్టరు కచేరీ ఛత్రపురంలో, జనమంతా బరంపురంలో. జిల్లాకి పేరిచ్చిన అసలు ఊరు మాత్రం సుమారు 30 కిలోమీటర్ల అవతల, రుషికుల్య వంతెన దాటాక. 'గంజాం టౌన్, వంతెన దాటాక' అనాలి. 1768లో కాట్స్‌ఫర్డ్ దొర కుంఫిణీ, అంటే ఈస్టిండియా కంపెనీ, తరఫున ఇక్కడ కాపురం పెట్టాడు. ఇప్పుడు పోటాగడ్ అంటున్న కోట ఆయన మొదలెట్టించిందే. 1815 ప్రాంతంలో విషజ్వరాలొచ్చి ఊరు ఊడ్చుకుపోతే కచేరీ కూడా మూటాముల్లె సర్దేసింది. మనం చూడబోయేది సర్దుకోలేకపోయిన వాళ్లని.

రెండో తిప్పలు దారి అడగడం. 'శ్మశానం' అంటే ఆటోవాడు ముందు వెనక్కి చూసి, 'మిగతా వాళ్లు నడిచొస్తున్నారా?' అని అడిగి, తిన్నగా ఏటొడ్డున చితుల దగ్గర దింపుతాడు. తప్పు వాడిది కాదు. ఇక్కడ తెల్లదొరల సమాధుల్ని 'గోరా కబర్' అనాలి. అదైనా మన నోట 'కబురు' అవుతుంది. ఒడియాలో 'గోరా కబురు కౌఠి (ఎక్కడ) భాయి?' అంటే, ఏ దొర ఏ కబురు పంపాడో తెలీక ఆ భాయి టీ కొట్టు దగ్గర వదిలేస్తాడు. పోటాగడ్ కోట పేరు చెప్పి ఎక్కడం ఉత్తమం. తక్కింది కాళ్లే చూసుకుంటాయి.

ఇక రాళ్లు. పొద్దున్నే వెళ్తే ఎండ చల్లగా ఉంటుంది, అక్షరాలు బాగా కనిపిస్తాయి అనుకుంటారు అందరూ. మొదటి సగమే నిజం. తూర్పు ముఖం పలక మీద ఉదయం ఎనిమిదికి ఎండ ఎదురుగా పడుతుంది. నీడ లేని చోట చెక్కిన గీత కనపడదు, రాయి అప్పడంలా చదునుగా ఉంటుంది. ఎండ రాతిని రాసుకుంటూ పోవాలి. జనవరిలో తూర్పు పలకకి పదకొండు దాటాక, పడమటి పలకకి పన్నెండున్నర తర్వాత కాసేపు అలా పడుతుంది. నేలమీద పరిచిన పలకలకి పొద్దుటిపూటా, సాయంత్రమూ మంచిది. ఉత్తరం వైపు పలకకి ఈ నెలలో ఎండే తగలదు, దానికి అద్దం కావాలి.

ఇంత ఓపిక లేని వాళ్లు సుద్దముక్క పులుముతారు, కొబ్బరిపీచుతో తోముతారు, ఇంకా ఉత్సాహవంతులు నిమ్మకాయ పిండుతారు. గోరీ మీది గచ్చు సున్నం, పలక పాలరాయి అయితే అదీ సున్నం జాతే. పులుపు తగిలితే రెండూ కరుగుతాయి. సముద్రపు ఉప్పు ఎలాగూ గచ్చు వెనకాల పేరుకుని దాన్ని పెచ్చులు పెచ్చులుగా ఊడగొడుతోంది. పైన సిమెంటు మెత్తితే ఆ తేమ బయటికి రాలేక పాత ఇటుకనే తింటుంది. మెత్తటి పెయింటు బ్రష్షుతో దుమ్ము దులపడం, అంతే మన వంతు.

అక్షరాలు కనపడ్డాక అసలు కష్టం. 1800కి ముందరి రాళ్ల మీద 'ఎస్' అక్షరం చాలాచోట్ల 'ఎఫ్'లా చెక్కేవారు. 'సన్ ఆఫ్' అని ఉన్నచోట బావమరిది 'ఫోన్ ఆఫ్' అని చదివి, 'అప్పటికి ఫోన్లున్నాయా బావా?' అంటాడు. పేరు కింద 'ఓబీటీ' అనీ ఓ సంవత్సరమూ ఉంటే, ఆ ఏడు ఓబీటీ పాసయ్యాడనుకోకూడదు, లాటిన్‌లో పోయాడని. 'రెలిక్ట్' అంటే పలానా వారి విధవ. ఇంకోటి 'ఎన్ ఐ', నేటివ్ ఇన్ఫెంట్రీ, అంటే సిపాయిల పటాలం. ఇంటికెళ్లి ఆ పేరు గురించి ఆరా తీసేవాళ్లు ఒడిశా కాగితాల్లో వెతుక్కుని లాభం లేదు. 1936 ఏప్రిల్ 1 దాకా ఇది మద్రాసు రాజధానిలో, అంటే మద్రాసు ప్రెసిడెన్సీలో, ముక్క. దొరల చావుల పద్దు మద్రాసు చిట్టాల్లోనే ఉంటుంది.

అద్దం సంగతికొస్తే, గడ్డం గీసుకునేది చాలదు, అడుగున్నర పొడుగుండాలి. కాబట్టి అల్లుడు అత్తగారు బొట్టు పెట్టుకునే అద్దం చెప్పకుండా పట్టుకొస్తాడు. వెలుగు పలకని రాసుకుంటూ పోవాలంటే అద్దం పట్టినవాడు ఎదురుగా కాదు, ఓ పక్కకి ఎనిమిదడుగులు జరగాలి. 'ఇంకాస్త, ఇంకాస్త' అంటూ బావమరిది ఫోటో తీస్తుంటాడు. ఆ ఇంకాస్తలో ఉంటుంది ప్రహరీ. ప్రహరీ మీద దూలగొండి, అదే దురదగొండి తీగ.

దూలగొండి కాయ పండేది ఈ కాలంలోనే. వేలెడు కాయ, పైన బంగారు రంగు నూగు. చూస్తే నిమరాలనిపిస్తుంది. ఆ నూగు సూదుల్లా ఊడొచ్చి చర్మంలో దిగుతుంది. గోకితే ఇంకా లోపలికి దిగుతుంది, రుద్దుతూ నీళ్లు పోసుకుంటే వీపున ఉన్నది పొట్టకి పాకుతుంది. చేయాల్సింది ఒకటే: చొక్కా తిరగేసి జాగ్రత్తగా విప్పి, పార్సిలు టేపు ముక్క అద్ది పీకడం, ప్రతిసారీ కొత్త ముక్క, ఆ తర్వాతే సబ్బునీళ్లు. ఈలోపు కళ్లు ముట్టుకోకూడదు.

టేపు ఇంట్లో ఉంటుంది. గోరీలు చూసొచ్చిన మనిషి తానం చెయ్యందే ఇంట్లోకి రాకూడదు. గుమ్మంలో అత్తగారు బకెట్‌తో సిద్ధం.

'రెండొందల ఏళ్ల నాటి దొరలండీ అత్తయ్యా, మైలేమిటి?'

'దొరలైతే ఏటి బాబూ, గోరీ గోరీయే కదా. ఆ అద్దం అక్కడే పెట్టేయి.'

ముందు టేపు, తర్వాత నీళ్లు అని అల్లుడు. ముందు నీళ్లు, తర్వాతే ఏదైనా అని ఆవిడ. మామగారు మధ్యేమార్గంగా కిటికీలోంచి టేపు చుట్ట విసురుతారు. అది వెళ్లి బకెట్‌లో పడుతుంది.

తడిసిన టేపు అంటుకోదు. అంటు మాత్రం అంటుకునే ఉంటుంది.