గులాబీ బొమ్మ

బెంగళూరులో మారతహళ్ళి నుంచి మెజెస్టిక్ వెళ్ళే బస్సులో నిన్న ఫోనులో ఒక తెలుగు ధారావాహిక చదివాను. ట్యూషన్ మాస్టారు, ఇంటర్ చదివే అమ్మాయి. లెక్క దిద్దుతూ ఆయన ఆమె నోటు పుస్తకం అంచున గులాబీ బొమ్మ వేస్తాడు. ఆమె బుగ్గలు ఎరుపెక్కుతాయట! అది ప్రేమట!

నాకు ఒళ్ళు మండిపోయింది. పదేళ్ళుగా ఇక్కడి తెలుగు పిల్లలకు లెక్కలు చెబుతున్నాను. ఎర్ర కలం తీయగానే వాళ్ళు ఎలా బిక్కచచ్చిపోతారో, పుస్తకం అంచును గోటితో ఎలా గీరుతుంటారో రోజూ చూస్తాను. మార్కులు వేసే మనిషికి ‘వద్దు’ అని చెప్పడం ఆ పిల్లకు ఎలా సాధ్యం? పిల్లలపై లైంగిక నేరాలను అరికట్టే 2012 నాటి పోక్సో చట్టం 18 ఏళ్ళు నిండనివారి అంగీకారాన్ని అంగీకారంగానే చూడదు. నేరం చేసింది ఆ పిల్ల చదివే విద్యాసంస్థ సిబ్బందే అయితే శిక్ష మరింత కఠినం. మన రచయితలకు మాత్రం అది వెన్నెల, మల్లెపూలు.

ఈ విషయం మీద రాయవద్దని నేను అనను. తప్పకుండా రాయండి. కానీ ఆ అమ్మాయి కడుపులోని భయాన్ని కూడా రాయండి, ఇంట్లో చెప్పుకోలేక దిండులో ముఖం దాచుకున్న రాత్రిని రాయండి. పదకొండు భాగాలు చదివాను. సిగ్గుపడటం తప్ప ఆమె ఒక్క మాట మాట్లాడలేదు.