లుకింగ్ ఫార్వర్డ్ టు గారికి

అయ్యా,

నమస్కరించి వ్రాయునది ఏమనగా, ఇరవై రెండేళ్లుగా నా ప్రతి ఉత్తరం చివరా మీకు పీట వేసి కూర్చోబెట్టినందుకు మొన్న గురువారం మీరు నాకు చేసిన మర్యాదను నేను మరువలేకపోతున్నాను.

కొత్త డైరెక్టరుగారు వస్తున్నారని తెలిసి ‘లుకింగ్ ఫార్వర్డ్ టు మీట్ యు’ అని రాశాను. ‘లుకింగ్ ఫార్వర్డ్ టు మీటింగ్ యు ఆన్ థర్స్‌డే’ అని ఆయన జవాబిచ్చారు. మీటింగంటే తెలుగువాడికి హాలు, కుర్చీలు, మైకు, చివర్న సమోసా అని మీకు తెలియదా? పదకొండు మందిని రెండింటికల్లా పిలిపించి కూర్చోబెట్టాను. ఆయన నాలుగూ నలభైకి లిఫ్టు దగ్గర చెయ్యి కలిపి, అర నిమిషంలో వెళ్లిపోయారు. ఆయన రాసింది నన్ను కలవడం గురించేనని, అసలు తప్పు నాదేనని నిరుడు చేరిన ట్రైనీ నా సమోసా తింటూ నాకు బోధించాడు.

మీ తోకనున్న ‘టు’ చూపులకు ‘టు గో’, ‘టు ఈట్’లలోని ‘టు’ లాగే ఉన్నా, అది విభక్తి వంటిదట. దాని వెనుక నామవాచకమే నిలవాలట, క్రియ రాదలిస్తే ఐఎన్‌జీ తగిలించుకుని నామవాచకమై రావాలట. మేమేమో మనసులో ‘వినడానికి’ అనుకుని ‘టు హియర్’ అని రాసేస్తాం. తీరా ఆ ‘వినడానికి’ని విడదీస్తే అందులో ఉన్నది వినడం, దాని మీద ‘కి’. అంటే అచ్చంగా ‘టు హియరింగ్’! ‘కిన్, కున్, యొక్క, లోన్, లోపలన్’ అని బెత్తం భయంతో షష్ఠీ విభక్తిని వల్లించిన నాకు, మీ తాళంచెవి మా ఇంట్లోనే ఉందని చెప్పిన మాస్టారు ఒక్కరూ లేరు. మీ పేరు మాత్రం ఏమి కొత్త? ఎదురు, చూడటం. మా ఎదురుచూపు మాత్రం ఎన్నడూ ఎవరి పరువూ తీయలేదు.

మీ బంధువు ‘యూజ్‌డ్ టు’ మీకు తీసిపోడు. ‘ఐ యూజ్‌డ్ టు డ్రైవ్’ అంటే ఒకప్పుడు బండి నడిపేవాణ్ణని, ‘ఐ యామ్ యూజ్‌డ్ టు డ్రైవింగ్’ అంటే నడపడం అలవాటేనని. నడుమ ఒక్క ‘యామ్’ జారితే మనిషి బండి దిగిపోవలసిందే. ఎంత వెక్కిరించినా, ‘అవసరమైనది చేయగలరు’ అనే మన ఆఫీసుల ‘డూ ద నీడ్‌ఫుల్’ గారే నయం, పని జరిగిపోతుంది.

ఇంతకీ జరగని మీటింగుకు సమోసాలెందుకని అకౌంట్స్ వారు బిల్లు తిప్పి పంపారు. సంజాయిషీ ఇంగ్లీషులోనే ఇవ్వాలట. రాత్రంతా కూర్చుని ఒకటిన్నర పేజీ రాశాను. చివరి వాక్యం మిగిలింది. దయచేసి ఒకసారి రండి, మాట్లాడాలి.

ఇట్లు,
సమోసాల బాకీదారు