లుంగీ ఉంటే మైనస్ 29

ముందే చెప్పేస్తున్నా, పొద్దున జరిగినదానికి ఇంకా ఒళ్లు మండుతూనే ఉంది, కాబట్టి చెప్పడంలో కాస్త అటూ ఇటూ అయితే సర్దుకోండి.

మాది నిజాంపేటలో మూడో అంతస్తు. నెట్ 100 ఎంబీపీఎస్ ప్లాను. వానాకాలం మొదలైన దగ్గర్నుంచి పొద్దున తొమ్మిదిన్నర దాటితే చాలు, స్పీడు 3కి పడిపోతుంది. సాయంత్రానికి దానంతటదే లేస్తుంది. ముసురు పట్టిన రోజైతే రాత్రి దాకా లేవదు. ఆఫీసు మీటింగులో నా బొమ్మ ఆగిపోవడం, అదీ నేను నోరు తెరిచినప్పుడే ఆగిపోవడం, మా టీమ్‌లో అందరికీ అలవాటైపోయింది.

స్పీడు 3 అంటే అసలు ఫిర్యాదు చేయొచ్చో లేదో కూడా అనుమానమే. మన దేశంలో 2023 జనవరి నుంచి 2 ఎంబీపీఎస్ వస్తే చాలు, దాన్ని బ్రాడ్‌బ్యాండ్ అనొచ్చు. అంతకుముందు 512 కేబీపీఎస్ వచ్చినా అనొచ్చు. అంటే ప్రభుత్వం లెక్కలో నాది బ్రాడ్‌బ్యాండే, పైగా ఒక ఎంబీపీఎస్ అదనం. బిల్లు మాత్రం 100కే కడుతున్నా.

నేను చేయని వైద్యం లేదు. రౌటర్‌ని టీవీ వెనక నుంచి తీసి బీరువా మీద పెట్టాను. వైఫైని 2.4 గిగాహెర్ట్జ్ నుంచి 5కి మార్చాను, 5 అయితే పడగ్గది గోడ దాటడానికే ఆయాసపడుతోందని మళ్లీ 2.4కి తెచ్చాను. ఛానెల్ 1, 6, 11 అన్నీ తిప్పాను. మైక్రోవేవ్ ఓవెన్ కూడా ఇంచుమించు అదే 2.4 గిగాహెర్ట్జ్ మీద పనిచేస్తుందని ఎక్కడో చదివి, పొద్దునపూట దాన్ని వాడొద్దని ఇంట్లో ఆర్డరు వేశాను. ఆ ఆర్డరు ఎంతసేపు నిలబడిందో, ఎవరు కొట్టేశారో ఇక్కడ అనవసరం. ఆఖరికి ల్యాప్‌టాప్‌కి నేరుగా వైరు పెట్టి చూశాను. 3. అంటే వైఫై పాపం ఏమీ లేదు. మా బామ్మర్ది ఫోన్లో విని, "బావా, బిట్టు వేరు, బైటు వేరు, 8తో భాగించాలి, 100 అంటే నిజానికి సెకనుకు 12.5 ఎంబీనే" అని జ్ఞానం ప్రసాదించాడు. 3ని 8తో భాగించి చూశాక వాడితో మాట్లాడటం మానేశాను.

కస్టమర్ కేర్ సంగతి ఒక్క ముక్కలో చెప్తా. వాళ్లకి నెట్ డబ్బా మీది లైటు రంగు కావాలి. ఎర్ర లైటు వెలిగితే మనిషి వస్తాడు. పచ్చగా ఉంటే, "మా వైపు నుంచి అంతా బాగానే ఉంది సార్, ఇంకేమైనా సహాయం కావాలా?" ఇంకేమైనా ఏంటి తల్లీ, ఈ ఒక్కటీ చెయ్యలేదు కదా ఇంకా!

బతిమాలితే చివరికి ఒక కుర్రాడిని పంపిస్తారు. మంచివాడే, ఆ మాట ఒప్పుకోవాలి. కాకపోతే ఎప్పుడొచ్చినా సాయంత్రం నాలుగు తర్వాతే. రౌటర్ పక్కన నిలబడి తన ఫోన్లో టెస్టు పెడతాడు, 94 చూపిస్తాడు, "ఓటీపీ చెప్పండి సార్" అంటాడు. ఆ ఓటీపీ చెప్తే నా కంప్లయింట్ తీరిపోయినట్టు వాళ్ల కంప్యూటర్లో పడుతుంది. "తమ్ముడూ, సమస్య పొద్దున కదా" అంటే, "ఇప్పుడు వస్తుంది కద సార్, టైముకి క్లోజ్ కాకుంటే నాకు పైసలు కట్ చేస్తరు" అంటాడు. ఇంకేం చేస్తాం, చెప్తాం. ఇంట్లో నెట్ బాగుచేయించుకోవడానికి కంపెనీ వాళ్ల ఉద్యోగికి జీతం కోత పడకుండా చూసుకోవాల్సిన బాధ్యత కూడా మనదే.

ఈ రోజు ఏ గ్రహబలమో, వేరే ఇంటి పని రద్దయిందట, పదింటికే వచ్చాడు. స్పీడు 3. మొదటిసారి వాడి ముఖంలో నా మీద నమ్మకం కనిపించింది. సంచీలోంచి అరచేతిలో పట్టేంత మీటరు ఒకటి తీసి, గోడ పక్కన తెల్ల డబ్బాకి ఉన్న పచ్చ మూతి వైరు పీకి దానికి గుచ్చాడు. మీటరు మీద మైనస్ 29 అని పడింది.

"పవర్ వస్తలేదు సార్" అన్నాడు. కరెంటు ఉంది కదా అన్నాను. కరెంటు కాదట, వెలుగట. ఆ వైరులో వచ్చేది వెలుగు, కంటికి కనబడనిది. మీటరు చూపించేది ఎంత వెలుగు చేరిందని. మైనస్ పక్కన అంకె పెరిగినకొద్దీ వెలుగు తగ్గినట్టు, మూడు పెరిగితే సగమైపోయినట్టు. 27 దాటిందంటే డబ్బా వచ్చిన అక్షరాలు సరిగ్గా చదవలేక, మళ్లీ పంపు మళ్లీ పంపు అని అడుక్కుంటూ కూర్చుంటుంది, కానీ లైటు మాత్రం సిగ్గులేకుండా పచ్చగానే వెలుగుతుంది. ఈ పచ్చ లైటుని నమ్ముకునే కదా వాళ్లు నన్ను ఇన్నాళ్లూ తిప్పారు!

వాడు వైరు పట్టుకుని వెనక్కి వెతుక్కుంటూ వెళ్లాడు. హాలు, కిటికీ, బాల్కనీ. బాల్కనీలో ఆగిపోయాడు.

"సార్, ఈ వైరు మీద బట్టలెవలు ఆరేసిండ్రు?"

ఇక్కడ కొంచెం వివరం ఇవ్వాలి. మా బాల్కనీలో ఈ చివరి గ్రిల్లు నుంచి ఆ చివరి గ్రిల్లుకి ఒక నల్ల తీగ బిగించి ఉంటుంది. కట్టింది వాళ్ల కంపెనీ మనుషులే, కనెక్షన్ ఇచ్చిన రోజున, పైపు వెంట తిప్పితే వైరు ఎక్కువ పడుతుందని. సరిగ్గా మనిషి చెయ్యెత్తితే అందే ఎత్తులో, ఏ మాత్రం వేలాడకుండా కట్టారు. ఆ తీగలో వెలుగు నడిచే గాజుపోగు పక్కనే గట్టిదనం కోసం ఉక్కు తీగ కూడా వేస్తారట. గాజులో వెలుగు నడిచే దారి 9 మైక్రాన్లు, తల వెంట్రుక మందంలో పదో వంతు కూడా ఉంటుందో ఉండదో. ఇంత సుకుమారాన్ని తీసుకొచ్చి, దానికి ఉక్కు తోడిచ్చి, బాల్కనీలో దండెం ఎత్తులో కట్టి వెళ్లిపోతే, తెనాలి నుంచి వచ్చిన మా అమ్మ దాన్ని ఏమనుకోవాలి? వానాకాలం, అసలు దండెం చాలట్లేదు, పక్కనే ఇంకోటి ఖాళీగా ఉంది. ఆరేసింది.

"వాళ్లేదో మంచి దండెం కట్టారనుకున్నాను" అంది అమ్మ వంటింట్లోంచే. ఆవిడ గొంతులో పశ్చాత్తాపం అణువంత లేదు.

అప్పుడు తీగ మీద ఉన్నవి రెండు. ఒకటి షోలాపూర్ దుప్పటి, తడిసిందంటే ఇద్దరు పట్టాలి. రెండోది నా నీలం గళ్ల లుంగీ. కుర్రాడు మీటరుని హాల్లోనే నేల మీద పెట్టి, దాని ముందు గొంతుకూర్చున్నాడు. నన్ను బాల్కనీలో నిలబెట్టాడు. పదిన్నరకి మీటింగు కాబట్టి నా ఒంటి మీద పైన ఇస్త్రీ చొక్కా, కింద ఇంకో లుంగీ ఉన్నాయి. ఇది గుర్తుపెట్టుకోండి.

"సార్, దుప్పటి తీయుండ్రి!"

తీశాను. భుజం మీద వేసుకుంటే చొక్కా తడిసిపోయింది.

"మైనస్ 29. ఏం మారలే. ఇప్పుడు లుంగీ!"

లుంగీ అంత తేలిగ్గా రాలేదు. ఎందుకంటే అది క్లిప్పుతో లేదు, ముడి వేసి ఉంది. ఇదివరకోసారి గాలికి నా లుంగీ ఎగిరి రెండో అంతస్తు వాళ్ల తులసికోట మీద పడింది, ఆ ఇంటాయన మా అసోసియేషన్ సెక్రటరీ, ఆయన దాన్ని రెండు వేళ్లతో పట్టుకుని పైకి తెచ్చిచ్చిన దృశ్యం అమ్మకి ఇంకా అవమానంగానే ఉంది. అప్పట్నుంచి నా లుంగీలకి మాత్రమే ముడి. తీగ గ్రిల్లు దగ్గర మలుపు తిరిగే చోట, గట్టిగా, తడిబట్ట ముడి. గోళ్లు విరిగేలా విప్పాను.

"సార్! మైనస్ 21!"

వాడి కేక వీధి చివర దాకా వినిపించి ఉంటుంది. ఎనిమిది తగ్గింది. అంటే ఇన్నాళ్లూ నాకు రావాల్సిన వెలుగులో ఆరో వంతే ఇంట్లోకి వచ్చింది, మిగతాదంతా ఆ ముడికి వైరు వంగిన చోటే బయటికి పోయింది. నా లుంగీలోకి.

"మళ్లీ కట్టుండ్రి సార్, పక్కా చేసుకుందాం."

కట్టాను. "29!" విప్పాను. "21!" ఎదుటి బిల్డింగులో పప్పు ఎండబెట్టుకుంటున్న ఆవిడ చేట పక్కన పెట్టి చూస్తోంది. కింద వాచ్‌మన్ తలెత్తాడు. రైల్వే గార్డు జెండా ఊపినట్టు నేను లుంగీ ఎత్తడం దించడం, లోపలి నుంచి అంకెల కేకలు. మా అమ్మ చెయ్యి తుడుచుకుంటూ వచ్చి, "చూశావా, నా దుప్పటి కాదు, నీ లుంగీయే" అని తీర్పు చెప్పి లోపలికి పోయింది. కట్టింది ఎవరమ్మా అని అడిగేలోపే కుక్కర్ కూత వేసింది.

ఇంతటితో అయిపోయుంటే బాగుండేది. వాడు వాళ్ల సార్‌కి ఫోన్ చేసి స్పీకర్ పెట్టాడు.

"సార్, దొరికింది సార్. కస్టమర్ లుంగీ సార్."

"లుంగీ ఏందిరా?"

"వైరుకు ముడేసిండ్రు సార్. తీస్తే 21, ఏస్తే 29."

అటువైపు కాసేపు చప్పుడు లేదు. తర్వాత, "ఫోటో పెట్టు" అన్నాడు ఆ సార్. ఎందుకయ్యా ఫోటో? రుజువు కావాలట, రుజువు లేకపోతే టికెట్ క్లోజ్ అవదట. అలా తీసిన ఫోటోలో తడిసిన ఇస్త్రీ చొక్కాతో, కింద ఒక లుంగీతో, చేతిలో ఇంకో లుంగీతో, వెనక నల్ల తీగతో నేనున్నాను. అది వాళ్ల వాట్సాప్ గ్రూపులో పడింది. ఎంతమంది ఉంటారు తమ్ముడూ ఆ గ్రూపులో అంటే, "మన జోన్ ఒక్కటే సార్" అన్నాడు ధైర్యం చెబుతున్నట్టు.

కాసేపటికి మెసేజీ వచ్చింది. సమస్యకు కారణం: కస్టమర్ వైపు లోపం. కస్టమర్ వైపట! బాల్కనీకి అడ్డంగా వైరు లాగినవాడు వాళ్లవాడు, పొద్దున కంప్లయింటుకి సాయంత్రం మనిషిని పంపింది వాళ్లు, ఇన్నిసార్లలో ఒక్కసారైనా ఆ మీటరు సంచీలోంచి తీయించనిదీ వాళ్లే, ఆరిపోయిన లుంగీ ఇంట్లోకి పోయాక వచ్చి 94 చూసి ఓటీపీ పట్టుకెళ్లిందీ వాళ్లే. లోపం నా వైపు. అడిగితే, "వేరే ఆప్షన్ లేదు సార్ లిస్టుల" అన్నాడు. ఓటీపీ చెప్పాను.

పోతూ పోతూ ఆ తీగ విప్పి, ఇక మన బట్టలు తగలకుండా బాల్కనీ గచ్చు కిందుగా గోడ వెంట తిప్పి కట్టి వెళ్లాడు. నెట్ ఇప్పుడు పట్టపగలే 94. 100కి 94 ఎందుకొస్తోందంటే డబ్బాలో ఉన్న పోర్టు 100 వరకే, అందులో ఈ మాత్రమే మిగులుతుందట, ఆ ఆరు కోసం మళ్లీ ఫోన్ చేసే ఓపిక నాకు లేదు.

ఒక్కటే టెన్షన్. మా బాల్కనీ గచ్చు కింద అంటే సెక్రటరీ గారి బాల్కనీ కప్పు. వాళ్ల పనిమనిషి ఇందాకట్నుంచి బకెట్ పక్కన పెట్టుకుని ఆ తీగ వైపే చూస్తోంది, ఒకసారి లాగి కూడా చూసింది. ఉంటాను, కిందికి వెళ్లొస్తా.