డబ్బు మీదే, కానీ ఆ బండి ఏం పాపం చేసింది?

ఇవాళ పొద్దున జరిగినదానికి ఇంకా ఒళ్ళు మండుతూనే ఉంది. మా షెడ్డులో సర్వీసు పూర్తిచేసి, కడిగి రెడీగా పెట్టిన లంబోర్గిని హురకాన్‌ని తీసుకెళ్ళడానికి ఆ కారు ఓనర్ గారి అబ్బాయి వచ్చాడు. రాత్రంతా ఆగి ఉన్న బండి, ఇంజన్ పూర్తిగా చల్లబడి ఉంది. పక్కన స్నేహితుడు ఫోన్ పట్టుకుని రీల్ తీస్తున్నాడు. స్టార్ట్ కొట్టాడో లేదో యాక్సిలరేటర్ అడుగు దాకా తొక్కి పట్టేశాడు. ఇంజన్ వేగం హద్దు దాటకుండా ఆపే లిమిటర్ తగిలి వెనక సైలెన్సర్లు టపటపా పేలుతుంటే ఇద్దరూ పడీ పడీ నవ్వుతున్నారు. "బాబూ, ఆయిల్ కాస్త వేడెక్కనివ్వండి" అన్నాను. "నీ డబ్బా అన్నా?" అన్నాడు.

నా డబ్బు కాదు. వాడిది కూడా కాదు, వాళ్ళ నాన్నది. సొమ్మొకడిది సోకొకడిది.

అసలు అక్కడ జరిగేదేమిటో వాడికి ఎవరూ చెప్పలేదా? అది 5.2 లీటర్ల వీ10, అంటే పది సిలిండర్ల ఇంజన్. 8,500 ఆర్‌పీఎం, అంటే నిమిషానికి అన్ని చుట్ల దగ్గర క్రాంక్, అదే పిస్టన్లు తిప్పే ఇరుసు, సెకనుకు 140 సార్లకు పైగా తిరుగుతుంది. ఆ వేగంలో బేరింగుకీ క్రాంక్‌కీ మధ్య ఉండేది వెంట్రుక కంటే పల్చటి ఆయిల్ పొర ఒక్కటే. చల్లటి ఆయిల్ చిక్కగా ఉంటుంది, చేరాల్సిన చోటికి చేరాల్సినంతగా చేరదు. ఇక ఆ టపటపా శబ్దం ఉందే, అది కాలాల్సిన చోట కాలని పెట్రోల్ వెళ్ళి ఎగ్జాస్ట్‌లో మండటం. ఆ వేడికి లోపల పొగని శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ కరిగి గడ్డకట్టొచ్చు. నెల తర్వాత "బండి పికప్ తగ్గింది, మీ సర్వీసు బాలేదు" అని మళ్ళీ మా మీదకే వస్తారు.

2017లో లంబోర్గిని తన అవెంటడార్ కార్లను దాదాపు 5,900 వెనక్కి పిలిపించుకుంది. ట్యాంకు నిండా పెట్రోలు ఉన్నప్పుడు బండి నిలబెట్టి రేజ్ చేస్తే పెట్రోల్ ఆవిరి వేడి ఎగ్జాస్ట్‌ని తాకి అంటుకునే ప్రమాదం ఉందని. లోపం కంపెనీదే, వాళ్ళే ఒప్పుకున్నారు, సరిచేశారు. ఆ మాట చెప్పినా వీళ్ళు ఆగరు. సిగ్నల్ పడితే రేజ్, పెళ్ళి ఊరేగింపులో రేజ్, రాత్రి ఒంటిగంటకి మన హైదరాబాద్ కేబుల్ బ్రిడ్జి మీద రేజ్. చుట్టుపక్కల ఫ్లాట్లలో పసిపిల్లలు నిద్రపోతుంటారు, ముసలివాళ్ళుంటారు, ఎవడికీ పట్టదు.

వీళ్ళలో కొందరు ఆ బండికి ఇక్కడ లైఫ్ ట్యాక్స్ కూడా కట్టరు. పుదుచ్చేరి నంబరు వేయించుకుని జూబ్లీహిల్స్‌లో తిప్పుతారు. 2021 ఆగస్టులో మన రవాణా శాఖ ఆర్టీఏ వాళ్ళు ఇలాంటి ఖరీదైన కార్లను వరసగా పట్టుకున్నారు. కోట్లు పెట్టి కారు కొన్నవాడికి రోడ్డుకి కట్టాల్సిన డబ్బు దగ్గర చెయ్యి రాదు. మళ్ళీ గుంతలున్నాయని పోస్టులు పెట్టేదీ వీళ్ళే.

బయటి దేశాల్లో ఇంకా ఘోరం. బ్రూనై సుల్తాన్ తమ్ముడు 1990లలో ఫెరారీలు, మెక్‌లారెన్ ఎఫ్1లు గుట్టలుగుట్టలుగా కొన్నాడు. ప్రపంచం మొత్తం మీద మెక్‌లారెన్ ఎఫ్1లు తయారైందే 106. ఆసియా ఆర్థిక సంక్షోభం తర్వాత డబ్బు కటకట వచ్చింది, కార్లు గ్యారేజీల్లోనే ఉండిపోయాయి. ఆ ఉక్కపోతలో తోలు సీట్లు బూజు పట్టిపోయాయి. కదలకుండా నిలబెట్టినంత మాత్రాన బండి భద్రంగా ఉంటుందనుకోకండి. ఫెరారీ 355 లాంటి వాటిలో వాల్వుల్ని సమయానికి తిప్పే టైమింగ్ బెల్టుకి కిలోమీటర్లతో పాటు ఏళ్ళు కూడా లెక్కే. అది మార్చాలంటే ఇంజన్ మొత్తం కిందకి దింపాలి. మార్చకుండా ఏళ్ళ తర్వాత ఒకరోజు సరదాకి స్టార్ట్ చేస్తే, బెల్టు తెగితే, వాల్వులు వెళ్ళి పిస్టన్లకి కొట్టుకుంటాయి.

అన్నిటికంటే నన్ను కాల్చేసేది మాత్రం టెక్సస్ సంగతి. 2009లో ఒకాయన బుగాటి వేరాన్‌ని తీసుకెళ్ళి ఉప్పునీటి మడుగులో దింపాడు. పక్షి అడ్డొచ్చిందన్నాడు. ఆ పక్క కారులో ఎవరో వీడియో తీస్తున్నారు, అందులో ఏ పక్షీ లేదు. ఇన్సూరెన్స్ కోసం చేసిన పని అది, తర్వాత కోర్టులో నేరం ఒప్పుకున్నాడు. మడుగులో దింపి ఊరుకోలేదు, ఇంజన్ ఆపకుండా పావుగంట ఆన్‌లోనే ఉంచాడు. పదహారు సిలిండర్లూ ఉప్పునీళ్ళు తాగుతుంటే చూస్తూ నిలబడ్డాడంటే వాడిది ఏం గుండె? ఒక్కో ఇంజన్‌ని చేత్తో బిగించిన మనిషి ఎవరో జర్మనీలో ఉంటాడు కదా.

సరే, వాడెవడో అమెరికావాడు. మన దగ్గర జరిగేది ఇంకోటుంది, అది నాకు ఎప్పటినుంచో కడుపులో ఉంది. బండి పాడైతే ప్రతిసారీ డ్రైవర్ మీదకి తోసేయడం.

లంబోర్గినిదే పాత గయార్డో, ఈ-గేర్ బండి. ఆటోమేటిక్‌లా కనిపిస్తుంది కానీ లోపల ఉండేది మామూలు క్లచ్చే, దాన్ని కంప్యూటర్ తొక్కుతుంది. సెల్లార్ ర్యాంపు మీద రివర్స్‌లో ఎక్కిస్తే, ట్రాఫిక్‌లో బ్రేక్ వేయకుండా యాక్సిలరేటర్ మీదే నిలబెడితే క్లచ్ మాడిపోతుంది, ఆ వాసన కారంతా పట్టేస్తుంది. అలాంటి బండి ఒకటి పోయినేడాది ఫ్లాట్‌బెడ్ మీద వచ్చింది. క్లచ్ ప్లేట్ నల్లగా, అంచులు నీలం తిరిగి ఉంది. ఆ బండి ఓనర్ గారు అందరి ముందూ "మా డ్రైవర్ తగలెట్టాడు" అన్నారు. ఆ డ్రైవర్ మహబూబ్‌నగర్ నుంచి వచ్చినవాడు, తల దించుకుని నిలబడ్డాడు. అతను ఆ బండిని షెడ్డుకి తేవడం, తిరిగి తీసుకెళ్ళడం తప్ప ముట్టుకునేదే లేదు, శనివారం రాత్రుళ్ళు నడిపేది ఎవరో అందరికీ తెలుసు. జీతంలో కోశారు. నాలుగు నెలలు కోశారు. క్లచ్ ఎంత అరిగిందో ఆ బండి కంప్యూటరే చెబుతుంది, ప్రతి సర్వీసులో మేం ఆ రీడింగ్ రాస్తాం, ఓనర్‌కి వాట్సాప్‌లో పంపిస్తాం. ఆ డ్రైవర్ పనిలో చేరకముందే సగానికి పైగా అరిగి ఉంది. ఆ మాట ఆ రోజు మా షెడ్డు ఓనర్ చెప్పనివ్వలేదు, కస్టమర్ పోతాడని.

ఇక నుంచి ప్రతి బండి రీడింగ్ ఆ రోజు తేదీతో ప్రింట్ తీసి, ఒక కాపీ డ్రైవర్ చేతికిస్తాను. మా ఓనర్‌కి ఇవాళే చెప్పేశాను, ఇష్టం లేకపోతే లెక్క చూసి నన్ను పంపించెయ్యమన్నాను.